పెరూకు పోయే పెట్టె

14

"ఈ పెట్టె వాకిలి దాటేది లేదు" అంది హేమావతి.

పొద్దుటి నుంచి ఆ మాట అనడం అది మూడోసారి. మొదటిసారి అన్నప్పుడు భర్త ఉమామహేశ్వర నవ్వేశాడు. రెండోసారికి కోపం తెచ్చుకున్నాడు. మూడోసారికి జవాబు చెప్పడం మానేసి, గోడకు ఆనించిన ప్లైవుడ్ పలకల కేసి చూస్తూ నిలబడ్డాడు.

పెట్టె షెడ్డు నడుమ ఉంది. నడుమెత్తు పెట్టె, నూటపది కిలోల బరువు. నాలుగు పక్కలా గ్లాసు బొమ్మ, గొడుగు బొమ్మ, పైకి చూపే బాణాలు. ఒక పక్కన ఇంగ్లీషులో పెరూ దేశపు చిరునామా. దాని కింద చిన్న అక్షరాల్లో ప్యాకింగ్ చేసిన మనిషి పేరు, ఊరు: కె. హేమావతి, ఓర్వకల్లు.

ఆ పేరుకు జానెడు దూరంలో అంటించిన బిళ్ళ నిన్న మధ్యాహ్నం తెల్లగా ఉంది. ఇవాళ పొద్దున షెడ్డు తలుపు తీసేసరికి బిళ్ళ నడుమ ఉన్న గాజు గొట్టం ఎర్రబడి ఉంది. పెట్టెకు గట్టి దెబ్బ తగిలితే తప్ప అది ఎర్రబడదు. ఒకసారి ఎర్రబడిందంటే ఇక తెల్లబడదు.

షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకుని కాఫీ తాగుతున్న అయ్యన్న గొంతు సవరించుకున్నాడు. అయ్యన్న ఉమామహేశ్వర అక్క మొగుడు. రాయచోటిలో చీరల అంగడి. నిన్న పనిమీద కర్నూలు వచ్చి, రాత్రికి ఇక్కడే ఉండిపోయాడు.

"ఏమ్మా, ఆ బల్ల సొరుగులో ఇట్లాంటి బిళ్ళలు చుట్టకు చుట్ట ఉండాయి గదా" అన్నాడు. "ఒకటి పీకి ఇంకొకటి అంటిస్తే అయిపాయ. యాడనో పెరూలో ఉండేవానికి ఎట్ల తెలుస్తాది?"

బిళ్ళకు నంబరు ఉంటుందనీ, ఆ నంబరు కాగితాల మీద ఎక్కిందనీ హేమావతి చెప్పింది. కాగితాలు రాసేదీ నువ్వే కదా అన్నాడు అయ్యన్న. ఆ మాటకు ఉమామహేశ్వర తల తిప్పి భార్య ముఖంలోకి చూశాడు. ఒప్పుకుంటుందేమోనన్న ఆశ ఆ చూపులో స్పష్టంగా కనిపించింది.

హేమావతికి అదే ఎక్కువ బాధ కలిగించింది.

"లోపలుండేది చీరల మూట కాదన్నా" అంది అయ్యన్నతో. గొంతు పెంచలేదు. "ఆ ఊరోళ్ళ నెత్తిన చెరువుండాది. చెరువు మీద మంచుకొండ ఉండాది. కొండ కదిలే ముందు నేల అదిరేది ఈ మిషను కనిపెట్టల్ల. వాళ్ళు దీన్ని నమ్ముకుని పడుకుంటారు. ఇది చెడిపోయిండి, నేను తెల్లబిళ్ళ అంటించి పంపిస్తే, రేపు ఏమైనా అయితే ఆ పాపం యాడికి పోతాది?"

అయ్యన్న కాఫీ గ్లాసు కింద పెట్టి, ఇక తనకేమీ పట్టనట్టు సెల్‌ఫోను తీశాడు.

ఉమామహేశ్వర మాత్రం ఊరుకోలేదు. లారీ పన్నెండింటికి వస్తుందని గుర్తు చేశాడు. రేపు పొద్దున ఆరింటికల్లా పెట్టె హైదరాబాదు విమానాశ్రయంలో ఉండాలి. ఈ విమానం తప్పితే మళ్ళీ పది రోజులు. అప్పటికి అక్కడ వానలు మొదలవుతాయి, కొండ పైకి మనుషులు ఎక్కలేరు. ఇంతా చేసి మొదటి పెట్టెకే ఆలస్యమైతే కంపెనీవాళ్ళు మళ్ళీ బెంగళూరు మనుషుల్నే పిలుచుకుంటారు.

అతను చెప్పినవన్నీ నిజాలే. హేమావతికి అతనికన్నా బాగా తెలుసు.

మూడేళ్ళ కిందటి వరకూ కొండల పక్కన ఈ యంత్రాలు చేసే కంపెనీలో ఆమె భాగాలు అతికించే బల్ల దగ్గర కూర్చునేది. యంత్రాలు పంపవలసి వచ్చినప్పుడు బెంగళూరు నుంచి మనుషులు వచ్చి ప్యాక్ చేసి పోయేవాళ్ళు. ఒకసారి వాళ్ళు కట్టిన పెట్టె సగం దారిలోంచి వెనక్కి వచ్చింది. విప్పి చూస్తే దెబ్బ పీల్చే ఫోమ్ నురగ దిమ్మెలకూ యంత్రానికీ నడుమ నాలుగు వేళ్ళ సందు ఉంది. ఆ సందులో యంత్రం ఎండుకాయలో గింజలా కొట్టుకుని కొట్టుకుని పాడైపోయింది. హేమావతి ఆ నురగ ముక్కను ఇంటికి తెచ్చి అత్త ముందు పెట్టింది. మల్లక్క దాన్ని చేత్తో నొక్కి చూసి, ఇది మనిషి కోసిన కోత కాదని తీసిపారేసి, కొత్తది కోసి ఇచ్చింది. ఆ ముక్కతోనే హేమావతి ఇంజనీరు స్వర్ణలత దగ్గరికి పోయి, ఈ పని మాకివ్వండి అని అడిగింది.

నలభై ఏళ్ళు తాను నేసిన మగ్గాన్ని మల్లక్క ఆ నెలలోనే తీయించేసింది. మగ్గం గుంత పూడ్చి, పైన బేతంచెర్ల బండలు పరిపించి, ఆ గదిని కోడలికి ఇచ్చింది. ఆ గదే ఇప్పుడీ షెడ్డు.

చిన్న చిన్న అట్టపెట్టెలు ఎన్నో పోయాయి ఇక్కడి నుంచి. సముద్రాలు దాటే పెద్ద పెట్టె, పైన హేమావతి పేరుతో పోయే పెట్టె, ఇదే మొదటిది.

"ఎవరు పడేసినారో చెప్తే చాలు" అంది హేమావతి. "నేను ఎవరినీ ఏమీ అనను."

పక్కింట్లో రాహేలమ్మ బట్టలు బండకేసి ఉతుకుతున్న చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

మూలన పీట మీద కూర్చున్న మల్లక్క మెల్లగా లేచింది.

"నేనే మే" అంది. "నిన్న సాయంత్రం ఊడుస్తాంటే అడ్డమొచ్చె. జరపబోయినా. ఒరిగిపాయ."

ఉమామహేశ్వర తల పైకెత్తాడు. మళ్ళీ దించుకున్నాడు.

హేమావతి అత్తవైపు చాలాసేపు చూసింది. మల్లక్క కుడి భుజం ఏడాదిగా పైకి లేవదు. రోజూ పొద్దున ఆమెకు తల దువ్వి కొప్పు వేసేది హేమావతే. చెంబెడు నీళ్ళు ఎడమచేత్తో ఎత్తుకునే మనిషి నూటపది కిలోల పెట్టెను ఎలా జరుపుతుంది?

ఆ మాట అనలేదు. పెట్టె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కింది మూల చూపించింది. చెక్క అంచు అరంగుళం చితికి ఉంది. చితికిన చోట బూడిదరంగు రాతిపొడి అంటుకుని ఉంది.

"ఇది గడపరాయి పొడి అత్తా. ఊడ్చేదానికి పెట్టెను గడప దాటించి బయటికి తీసుకపోరు గదా" అంది.

మల్లక్క మళ్ళీ పీట మీద కూర్చుంది. కోడలు తనను అబద్ధాలకోరు అనలేదు, అబద్ధాన్ని ఒప్పుకోనూ లేదు. ముసలామె ముఖంలో సిగ్గు, దాని వెనక ఏదో తృప్తి కనిపించాయి.

హేమావతి ఫోను తీసి స్వర్ణలతకు చేసింది.

"వద్దు హేమా" అన్నాడు ఉమామహేశ్వర. మొదటిసారి అతని గొంతులో కోపం లేదు. బతిమాలుతున్నాడు. "ఒకసారి చెప్పినావంటే ఇంక వెనక్కి తీసుకోలేవు."

"అందుకే చెప్తాండా" అంది ఆమె.

*

స్వర్ణలత అరగంటలో వచ్చింది. కడప అమ్మాయి, ముప్పై ఏళ్ళుంటాయి. ఈ యంత్రాన్ని తయారు చేసినవాళ్ళలో ఒకతె. స్కూటరు దిగుతూనే ఎవర్నీ పలకరించకుండా పెట్టె చుట్టూ తిరిగి ఫోటోలు తీసింది. చితికిన మూలను వేలితో తడిమింది. ఎర్రబిళ్ళను చూసి పెదవి కొరుక్కుంది.

"బిళ్ళ మార్చాలని అనిపించలేదా హేమావతి గారూ?" అని అడిగింది.

"అనిపియ్యలేదు మేడం" అంది హేమావతి. గుమ్మం దగ్గర కుర్చీ కిర్రుమంది.

స్వర్ణలత సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. పెట్టెకు దెబ్బ తగిలితే నింపవలసిన కాగితం అది. ఎప్పుడు, ఎక్కడ, ఎంత ఎత్తు నుంచి, ఎవరి చేతిలో. నింపిన కాగితం ఫోటోలతో సహా పెరూకు పోతుందనీ, పెట్టె తీసుకోవాలా వద్దా అన్నది వాళ్ళ ఇష్టమనీ చెప్పింది. తన చేతిలో ఏమీ లేదంది.

మొదటి రెండు గళ్ళూ హేమావతి చెప్పగా రాసింది. మూడో గడి దగ్గర ఆగింది. నాలుగో గడి మీద కలం పెట్టి తలెత్తింది.

"మల్లక్క అని రాయి పాపా" అంది మల్లక్క మూలనుంచి.

"అట్ల రాయొద్దండి" అంది హేమావతి. "తెలీదని రాయండి. నాకు తెలీదు. తెలీంది తెలీదనే పోనీయండి."

స్వర్ణలత కలం కాగితానికి ఆనింది.

"మోకాలెత్తు" అన్నాడు ఉమామహేశ్వర.

అందరూ అటు తిరిగారు. అతను పలకల దగ్గరి నుంచి కదిలి బల్ల ముందుకు వచ్చాడు.

"మోకాలెత్తు నుంచి పడింది మేడం. నా చేతిలో పడింది. ఉమామహేశ్వర అని రాసుకోండి."

ఆ తర్వాత చెప్పడం ఆపలేదు. నిన్న సాయంత్రం హేమావతి పెట్టె చెక్కకు సంబంధించిన ధ్రువపత్రం తేవడానికి కర్నూలు పోయింది. పురుగు పట్టకుండా వేడిచేసిన చెక్క అని ఆ పత్రం లేకపోతే పెట్టెను ఏ దేశమూ దించుకోదు. ఆమె లేని వేళలో బావ వచ్చాడు. పోయిన నెల రాయచోటిలో, అక్క ఇంట్లో, పదిమంది భోజనాలకు కూర్చున్నచోట ఇదే బావ ఒక మాట అన్నాడు: మా బామ్మర్ది మగ్గం వదిలేసి పెండ్లాం చెప్పినచోట మేకులు కొట్టుకుంటున్నాడని. అందరూ నవ్వారు. ఉమామహేశ్వర కూడా నవ్వాడు. ఆ నవ్వు నెలరోజులుగా గొంతులో అడ్డంపడి ఉంది.

"షెడ్డులో మసకగా ఉండె. ఎండలో ఫోటో తీపిద్దామనుకుంటి" అన్నాడు. "బావను పెట్టె పక్కన నిలబెట్టి తీపియ్యాలని. మా యింటి పేరు ఎంతదూరం పోతాందో ఆయన కండ్లతో ఆయన చదవల్లని. తోపుడుబండి మీదికి ఎక్కించి లాగితి. చక్రం గడపకు తగులుకునె."

అయ్యన్న సెల్‌ఫోను జేబులో పెట్టుకున్నాడు. తనూ ఒక పక్క పట్టుకున్నాననీ, తన చేయి కూడా జారిందనీ ఆయన చెప్పవచ్చు. చెప్పలేదు. ఉమామహేశ్వర కూడా ఆ సంగతి ఎత్తలేదు.

"పొద్దున్నే చెప్పింటే అయిపోతుండె గదా" అంది హేమావతి.

"చెప్తే నీ పేరు పోతాదనుకుంటి."

"దాస్తే పోతుండె."

అంతకు మించి ఆమె ఏమీ అనలేదు. ఎవరినీ ఏమీ అనను అని మాట ఇచ్చింది కాబట్టి అనలేదో, అనడానికి ఏమీ మిగల్లేదో ఆమెకే తెలియలేదు. పెళ్ళయి పదిహేనేళ్ళయింది. ఈ మనిషి ఇంటి పేరు చూసుకుని గర్వపడటం ఆమె ఎన్నోసార్లు చూసింది. ఆ పేరు పక్కన తన పేరు ఉన్న పెట్టెను చూసి గర్వపడ్డాడని మాత్రం ఇవాళే తెలిసింది. దాన్ని చూపించబోయి, దాన్నే పడేశాడు. తిట్టాలో దగ్గరికి తీసుకోవాలో తెలియని కోపం అది.

స్వర్ణలత నాలుగో గడిలో పేరు రాసింది. ఉమామహేశ్వర కలం అడిగి తీసుకుని, ఎవరూ అడగకుండానే ఆ పేరు పక్కన సంతకం పెట్టాడు.

"విప్పండి" అంది స్వర్ణలత.

*

మరలన్నీ హేమావతే విప్పింది. మూత లేచింది. పైదిమ్మె లేచింది. తేమ పీల్చే పొట్లాలను లెక్కపెట్టి పక్కన పెట్టింది. దిమ్మెల నడుమ లోపలి పెట్టె కనిపించింది. ముగ్గురూ దాన్ని పట్టుకుని బండల మీదికి దించారు.

దించుతుండగానే స్వర్ణలత ఆగమంది. లోపలి పెట్టె మూత మీద ఇంకో బిళ్ళ ఉంది.

అది తెల్లగా ఉంది.

"ఇది ఎవరు పెట్టమన్నారు?" అని అడిగింది స్వర్ణలత. కంపెనీ ఇచ్చిన పట్టీలో బయటి బిళ్ళ ఒక్కటే ఉంది.

ఎవరూ చెప్పలేదనీ, బయట తగిలిన దెబ్బ లోపలికి ఎంత చేరిందో తెలుసుకోవాలని తానే పెట్టాననీ హేమావతి చెప్పింది.

స్వర్ణలత పెట్టె అడుగున వంగి చూసింది. చితికిన మూల దగ్గరి నురగ దిమ్మె బొటనవేలంత లోతు నలిగి ఉంది. దెబ్బంతా ఆ దిమ్మె తీసుకుంది. ఆ పక్కన ఇంకో దిమ్మె, దాని లోపలి అంచు, చెక్కు చెదరలేదు. పెట్టె గోడకూ దానికీ నడుమ గోరు దూర్చబోయింది. దూరలేదు.

"ఇంత బిగువుగా ఏ మిషనుతో కోశారు?"

హేమావతి మూలకు చూపించింది. మల్లక్క పీట పక్కన ఉన్న పొడుగాటి కత్తిని కొంగుతో తుడుచుకుంటోంది.

"భుజం లేవదు గానీ మణికట్టు బాగుండాది పాపా" అంది ముసలామె. "నలభై ఏండ్లు పోగు తప్పకుండా నేసినా. ఇది ఎంత."

అయ్యన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో ఆయనకే తెలిసినట్టు లేదు. మళ్ళీ కూర్చోలేదు.

కానీ తెల్లబిళ్ళ ఒక్కటే చాలదంది స్వర్ణలత. యంత్రంలో సన్నని తీగచుట్టల మీద వేలాడే బరువులు ఉంటాయి. ప్రయాణానికి ముందు వాటిని మరలతో బిగిస్తారు. బిగించినా దెబ్బకు తీగ తెగవచ్చు. తెగితే యంత్రం చూడటానికి బాగానే ఉంటుంది, నేల అదిరినా పలకదు. మరలు వదులు చేసి నేల మీద పెట్టి చూడాల్సిందే. పావుగంట ఎవరూ కదలకూడదు.

లోపలి పెట్టెలో యంత్రానికి తొడిగిన గులాబీరంగు సంచి విప్పే ముందు ఆమె మణికట్టుకు తీగ కట్టుకుంది. ఒంట్లోని కరెంటు యంత్రానికి సోకకుండా కట్టుకునే తీగ అది. హేమావతి కూడా కట్టుకుంది. కుండంత యంత్రాన్ని ఇద్దరూ కలిసి ఏమీ పరవని బండ మీద నిలబెట్టారు. స్వర్ణలత మరలు వదులు చేసి, ల్యాప్‌టాప్‌కు తగిలించింది.

ఉమామహేశ్వర పోయి ఇంట్లో ఫ్యాన్లు, ఫ్రిజ్జు, నీళ్ళ మోటారు అన్నీ ఆపాడు. హేమావతి గోడ మీదుగా రాహేలమ్మతో ఒక మాట చెప్పింది. బట్టల చప్పుడు ఆగింది. రాహేలమ్మ తడిచేతులతోనే వచ్చి గడప బయట నిలబడింది. అప్పుడే వచ్చిన లారీ డ్రైవరు ఓబుళేశు, రాహేలమ్మ సైగ చూసి వీధి చివరే ఇంజను ఆపేసి, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి వచ్చాడు.

పొద్దుటి నుంచి అరుచుకున్న ఇల్లు మూగబోయింది.

తెర మీద మూడు గీతలు ఉండాలి. పైకీ కిందికీ ఒకటి, ఉత్తరం దక్షిణం ఒకటి, తూర్పు పడమర ఒకటి. మొదటి నిమిషంలో రెండే కదిలాయి. మూడోది తాడు పరిచినట్టు తిన్నగా పడి ఉంది.

హేమావతి తెర మీంచి తలెత్తింది. ఎదురుగా భర్త గోడకు వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. అతని కళ్ళు తెర మీద లేవు, ఆమె మీద ఉన్నాయి. ఏమైంది అని అడగలేడు. ఏమీ కాలేదు అని ఆమె చెప్పలేదు. ఇద్దరి నడుమ నాలుగు బండలు ఉన్నాయి, ఒక్క అడుగు వేసినా యంత్రానికి తెలిసిపోతుంది. తొందరపడి కన్నీళ్ళు పెట్టుకోబోతున్నాడని ఆమెకు అర్థమైంది. వద్దన్నట్టు కళ్ళతోనే చెప్పింది.

మూడు నిమిషాలు గడిచాయి. నాలుగో నిమిషంలో స్వర్ణలత చేయి చాచి, యంత్రం పైనున్న ఒక మరను ఇంకో పావు చుట్టు తిప్పింది. అప్పటిదాకా అది పూర్తిగా వదులు కాలేదు.

మూడో గీత ఉలిక్కిపడ్డట్టు లేచింది. పైకీ కిందికీ ఊగి, నెమ్మదిగా నడుమకు వచ్చి నిలిచి, సన్నగా వణకడం మొదలుపెట్టింది.

దూరంగా నంద్యాల రోడ్డు మీద బరువు లారీ ఏదో పోయింది. చెవికి వినిపించలేదు. మూడు గీతలూ ఒక్కసారే ఉబ్బి తగ్గాయి. వాకిట్లో ఓబుళేశు ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకున్నాడు. గీతలు అది కూడా రాసుకున్నాయి.

పావుగంట నిండాక స్వర్ణలత ల్యాప్‌టాప్ మూసింది.

"కంపెనీ నుంచి బయలుదేరినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది" అంది. అత్తాకోడళ్ళ కేసి తిరిగి, "నేను చేసిన మిషను ఇంత దెబ్బకు ఆగుతుందని నాకే నమ్మకం లేదు. ఆపింది మీరు" అంది.

మల్లక్క అప్పటిదాకా బిగబట్టిన దగ్గు దగ్గింది. ఆ దగ్గుకు రాహేలమ్మ నవ్వింది. ఓబుళేశు చెప్పులు కింద పెట్టి తొడుక్కున్నాడు.

*

స్వర్ణలత యంత్రం మరలు మళ్ళీ బిగించింది. నలిగిన దిమ్మె స్థానంలో మల్లక్క కొత్తది కోసింది. చితికిన మూలకు ఉమామహేశ్వర వేడిచేసినట్టు అదే ముద్ర ఉన్న చెక్కతో కొత్త అంచు వేశాడు. హేమావతి ఒక్కో పొరా మళ్ళీ పేర్చి, యంత్రపు బ్యాటరీని విడిగా దాని అట్టపెట్టెలోనే ఉంచి, మూత బిగించింది. కొత్త బిళ్ళ అంటించి, పాత నంబరు, కొత్త నంబరు, మార్చిన కారణం మూడూ కాగితం మీద రాసింది. పాత బిళ్ళను పారేయలేదు, కాగితానికే అంటించింది.

కాగితాలు పెరూకు పంపానని స్వర్ణలత చెప్పింది. అక్కడ ఇంకా తెల్లవారలేదు. జవాబు వచ్చేదాకా ఆగితే విమానం అందదు. కాబట్టి లారీ బయలుదేరాల్సిందే. వాళ్ళు వద్దంటే పెట్టె హైదరాబాదు నుంచే వెనక్కి వస్తుంది.

ఇంకో సంగతి కూడా చెప్పింది. దెబ్బ తగిలిందని రాసిన పెట్టెను విమానాశ్రయంలో తప్పకుండా విప్పి చూస్తారు. విప్పినవాళ్ళు మళ్ళీ ఇలా కట్టలేరు. హేమావతి వెంట పోవాలి. మూత ఎత్తడానికి, లోపలి పెట్టె దించడానికి ఇంకొక మనిషి కావాలి. కంపెనీ నుంచి ఎవరినైనా పంపమంటారా అని అడిగింది.

ఉమామహేశ్వర అప్పటికే పక్కకు తప్పుకుని, తోపుడుబండి చక్రాలకు పట్టిన మట్టి గీకుతున్నాడు. తనను అడగరని అతనికి తెలుసు.

"నేను పోతాలే తల్లీ" అన్నాడు అయ్యన్న ఉన్నట్టుండి. "హైదరాబాదులో నాకు మనుషులుండారు."

"వద్దన్నా" అంది హేమావతి. భర్త దగ్గరికి పోయి, కత్తీ టేపూ మరలూ ఉన్న పనిసంచి అతని ముందు పెట్టింది. "నువ్వు రా. ఈ పెట్టె ఎట్ల పడిందో, ఎట్ల లేచిందో రెండూ తెలిసింది నీకే."

అతను చేతిలో ఉన్న పుల్లను పారేసి, సంచి భుజాన వేసుకున్నాడు. స్వర్ణలత ఒకసారి హేమావతి కేసి చూసి, కాగితాలు సంచిలో పెట్టుకుంది.

పెట్టెను లారీలోకి ఎక్కించేటప్పుడు అయ్యన్న వచ్చి ఒక మూల పట్టుకున్నాడు. ఎక్కించాక కిందికి దిగకుండా, పెట్టె పక్కన వంగి, చిన్న అక్షరాలను పెదవులు కదుపుతూ చదివాడు. దిగి, అత్తకు చెప్పి, బస్టాండు వైపు నడిచాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

మల్లక్క లారీ దగ్గరికి వచ్చింది. కోడలి కొప్పు జారితే ఎడమచేత్తోనే సర్ది, "పోయి రా" అంది.

*

కర్నూలు దాటి లారీ తుంగభద్ర వంతెన ఎక్కేసరికి ఎండ తగ్గింది. ఓబుళేశు గుంత కనిపించినచోటల్లా వేగం తగ్గిస్తూ, పసిబిడ్డ నిద్రపోతున్న బండిలా నడుపుతున్నాడు. ముగ్గురూ క్యాబిన్‌లో ఉన్నారు. వంతెన మధ్యలో ఉమామహేశ్వర నీళ్ళ సీసా మూత తీసి ఆమెకు ఇచ్చాడు. ఆమె తాగి, మిగిలినవి అతనికి ఇచ్చింది.

ఫోను మోగింది. స్వర్ణలత.

పెరూ నుంచి జవాబు వచ్చిందని చెప్పింది. తెల్లవారకముందే ఎవరో కాగితాలన్నీ చదివారట. యంత్రం గురించి వాళ్ళకు అనుమానం లేదట. గీతలు చూశారు, లోపలి బిళ్ళ చూశారు.

"ఒకే ఒక్క ప్రశ్న అడిగారు హేమావతి గారూ" అంది స్వర్ణలత. ఆమె గొంతు ఇబ్బందిగా ఉంది. "పెట్టెను పడేసిన మనిషి మళ్ళీ దాని మీద చేయి వేస్తున్నాడా అని. వేస్తుంటే వాళ్ళు ఆలోచించుకుంటారట. విమానం ఎక్కించే లోపు చెప్తారట. నన్నేం రాయమంటారు?"

ఫోను గొంతు బయటికి వినిపిస్తూనే ఉంది. ఉమామహేశ్వర సంచిని భుజం నుంచి దించి ఒళ్ళో పెట్టుకున్నాడు. టోల్‌గేటు దగ్గర దిగిపోతానని, బస్సులో వెనక్కి పోతానని చేత్తో సైగ చేశాడు. ఓబుళేశు లారీని పక్కకు తీయబోయాడు.

"ఆపొద్దప్పా" అంది హేమావతి.

తర్వాత ఫోనులో, తొందర లేకుండా, ఒక్కో మాటా కాగితం మీద ఎక్కాలన్నట్టుగా చెప్పింది.

"ఉండాడని రాయండి మేడం. నా పక్కనే ఉండాడు. తన పేరు తానే రాయించుకున్న మనిషి, అందుకే పిల్చుకపోతాండానని రాయండి. ఆ మాట కింద నా పేరు పెట్టండి."

అవతల సన్నగా, స్వర్ణలత అక్షరాలు కొడుతున్న చప్పుడు వినిపించింది.